మబ్బును కోసే చక్రాలు

నీళ్లతో కరెంటు తీశాను, బొగ్గుతో తీశాను, ఎండతో తీశాను, ఇప్పుడు గాలితో తీస్తున్నాను. నా పనితనం మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. జలవిద్యుత్ కేంద్రంలో కాళ్ల కింద నేల రోజంతా సన్నగా వణికేది; సెలవుపెట్టి ఇంటికొచ్చి పడుకున్నా మంచం కదులుతున్నట్టే ఉండేది. కడప వైపు బొగ్గు కేంద్రంలో అన్నం క్యారియర్ మూత తీస్తే గబగబా తినెయ్యాలి, లేకపోతే బూడిద కూడా కలుపుకోవాలి. కర్నూలు పక్క సోలార్ ప్లాంటులో పలకల మీది దుమ్ము కడిగించడమే సగం ఉద్యోగం. ఎండ ఒక్కటే వేరు గానీ మిగతా మూడూ చక్రం తిప్పే పనే. నీళ్లు తోస్తాయా, ఆవిరి తోస్తుందా, గాలి తోస్తుందా అన్నదే తేడా. ఈ మాట ఎవరికైనా రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పగలను, మా అత్తకు తప్ప.

ఆలూరు దగ్గర గాలిమరలున్న కొండ మీద పని దొరికింది. కొండ కిందే అత్త ఊరు కాబట్టి కాపురం అక్కడే పెట్టాము. మాది మేనరికం, ఆమె నేను పుట్టినప్పటినుంచీ అత్తే. అల్లుడికివ్వాల్సిన మర్యాద నాకు పెళ్లినాడు మాత్రమే ఇచ్చింది. మామ పోయాక సేద్యమంతా ఆమె మీదే నడుస్తోంది.

ఆ ఏడు మృగశిర కార్తెలో చినుకు లేదు. ఆరుద్ర కూడా సగమైపోయింది. అత్త చేను దున్నించి, కొర్ర విత్తనం సిద్ధంగా పెట్టుకుని, విత్తకుండా కూర్చుంది. ఈ కార్తె కూడా దాటితే ఆ చేను ఆ ఏడు బీడే అని ఆమే అంటోంది. మరి ఎందుకు విత్తవని అడిగితే కొండవైపు చేయి చూపించింది.

"అవి తిరుగుతాండగా వాన యాడ పడుతుందప్పా? వచ్చిన మబ్బును వచ్చినట్టే కోసేస్తాండాయి."

నాకు ఒళ్లు మండింది. అప్పటికప్పుడు బండి ఎక్కించుకుని కొండ మీదికి తీసుకుపోయి, మర కింద నిలబెట్టి తలెత్తి చూడమన్నాను. "రెక్క యాడుండాది, మబ్బు యాడుండాది, నువ్వే చెప్పత్తా." గాలి జోరుగా వీచిన రోజు మబ్బు మన నెత్తిన నిలవదనీ, చక్రాలు జోరుగా తిరిగేదీ ఆ రోజే కాబట్టి నింద వాటి మీద పడిందనీ విడమరిచి చెప్పాను. గాలికి ఎగిరే కొంగును పట్టుకుని ఆమె అంతా విన్నది.

"జీతమొచ్చేవానివి, ఎన్నైనా చెబుతావు. ఎద్దు పుండు కాకికి నొప్పా?" అంది. "కోసింది నేను చూడలేదు, సరే. కోయలేదని నువ్వు చూసినావా?"

ఊళ్లో అందరిదీ ఆమె మాటే. ఆ వారంలో వాన కోసం కప్పతల్లిని తిప్పాలనుకున్నారు. పెద్దలు నా దగ్గరికి వచ్చి ఆ ఒక్కరోజు చక్రాలు ఆపించమన్నారు. ఇంటింటా కప్ప మీద పోసే నీళ్లు వృథా పోకూడదట. లైను మరమ్మతు కోసం మా మరలను ఒకరోజు ఎలాగూ ఆపాలి. ఆ పనిని ఆ రోజుకే పెట్టమని మా ఆఫీసరును ఒప్పించాను. భక్తితో కాదు. ఆగినా వాన రాదు, అప్పుడైనా వీళ్ల నోళ్లు మూతపడతాయని.

రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పాడుకుంటూ వీధులన్నీ తిరిగారు. ప్రతి వాకిట్లో దాని మీద బిందెడు నీళ్లు పోశారు. అత్త తన బిందె కుమ్మరించి కొండవైపు చూసింది. ఒక్క రెక్క కదలడం లేదు. మధ్యాహ్నానికి పడమట నుంచి మబ్బులు లేచాయి, నిజంగా నల్లటివి. ఊరు ఊరంతా వీధిలో నిలబడింది. నేనూ నిలబడ్డాను, పడితే బాగుండునని నాకూ అనిపించింది. అవి ఆగిన చక్రాల మీదుగా, మా ఇళ్ల మీదుగా తూర్పుకు దాటిపోయాయి. చినుకు రాల్చలేదు.

నేను గెలిచాను. అందరూ తలలు వంచుకుని ఇళ్లలోకి పోయారు. అంతవరకూ వాన రాకపోవడానికి వాళ్లకొక కారణం ఉండేది. దాన్ని నేను లాగేశాను. నాకు ఆ గెలుపు మీద అసహ్యం వేసింది.

అత్త అరుగు మీద కూర్చుని ఉంది. పోయి పక్కన కూర్చున్నాను. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అత్తా," అన్నాను.

"రేపు విత్తిస్తా," అంది.

"నేలలో తడి లేదు కదత్తా."

"లేకుంటే లేదు. పొడి దుక్కిలోనే విత్తిస్తా. ఇన్నాళ్లూ వాటి పేరు చెప్పి కూర్చుంటి. ఇంక ఎవరి పేరు చెప్పేది? ఇంట్లో పెట్టుకుంటే విత్తనం మొలుస్తుందా?"

"విత్తినాక కూడా వాన రాకుంటే?"

ఆమె కొండవైపు చూసింది.

"మీ మరమ్మతు అయిపోయిందా? అయితే పోయి తిప్పుకోప్పా. రాకుంటే తిట్టేదానికి ఏదో ఒకటి ఉండల్ల కదా."