గ్లాసు మీది పొగ

ప్రపంచ చరిత్రలో సాయంత్రం నాలుగింటికి చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరిగినట్టు లేదు. బోధన్‌లో ముత్యం ఇంట్లో మాత్రం ఆ లోటు రోజూ తీరుతుంది. సరిగ్గా ఆ వేళకు ఆయన కిటికీ గూట్లో ఒక గాజు గ్లాసు పెట్టి, సలసల కాగే చాయ్ పోయిస్తాడు. తాగడు. చూస్తాడు.

ముత్యం చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచినవాడు. మంచి రోజుల్లో ఏదో ఉత్సవానికి ఫ్యాక్టరీ వాళ్లు కార్మికులకూ, చెరుకు ఎక్కువ తోలిన రైతులకూ ఆరేసి గ్లాసులు పంచారు. గ్లాసు మీద బంగారు రంగు పళ్లచక్రం, ఎర్రటి పొగగొట్టం, అటూ ఇటూ తోడిపెళ్లికూతుళ్లలా రెండు చెరుకు గడలు. దేశ ప్రగతి మొత్తం నాలుగంగుళాల గాజు మీద ఇరుక్కుని నిలబడింది. ఆరింటిలో ఐదు చుట్టాల చేతుల్లో వీరమరణం పొందాయి. మిగిలినదాని మీద పొగగొట్టం ఉంది గానీ పొగ లేదు.

నేరం భార్య హన్మవ్వదని ఆయన ఎన్నడో తీర్పు చెప్పేశాడు.

"బూడిదేసి రుద్దితివి. మెలికలు తిరిగిన నల్ల పొగ ఉండె, నాకు యాదిలేదానె?"

"నీ పొగ గీకి నేనేం కూరొండుకున్ననా? జర తెల్వితోని మాట్లాడు."

ఫ్యాక్టరీ మూతపడి, ఊళ్లో అసలు పొగగొట్టమూ పొగ మానేసి ఏళ్లయింది. ఆ నేరం మాత్రం హన్మవ్వ మీద మోపడానికి వీల్లేకపోయింది. ఒకప్పుడు చెరుకు ఆడే సీజన్లో దండెం మీది బట్టలన్నీ నల్ల మసితో నిండేవి. ఇప్పుడు బనీను తెల్లగా ఆరితే ముత్యానికి గుండె బరువెక్కుతుంది. అందుకే నాలుగింటి చాయ్. వేడికి ఆవిరి లేచి, సరిగ్గా ఆ గొట్టం మీదుగా మెలికలు తిరుగుతూ పోతుంది. "సీజన్ షురువైంది" అంటాడు మెల్లగా.

ఒకరోజు అంగట్లో ఎడపల్లి వెంకట్రావు కలిశాడు, ఒకప్పుడు బండ్లకు బండ్లు చెరుకు తోలిన రైతు.

"మా గ్లాసుల సెట్టు పెట్టె కూడా విప్పలేదయ్యా. మా ఆవిడ సీతమ్మ అటక మీద దాచింది."

మర్నాడే ముత్యం భార్యను బస్సెక్కించాడు. "నువ్వు గూడ రా. నీ కండ్లతోనే సూడు, పొగుండెనో లేదో."

ఎడపల్లిలో చెరుకు తోటలున్న చోటంతా వరి. సీతమ్మ పెట్టె దింపి దుమ్ము దులిపింది. "ఎవరైనా పెద్దవాళ్లొస్తే తీద్దామని దాచానన్నయ్యా. ఎవరూ రాలేదు."

ముత్యం కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని, ఎండుగడ్డిలోంచి గ్లాసు తీసి వెలుతురుకు పట్టాడు. చక్రం ధగధగలాడుతోంది. గొట్టం నిన్న కట్టినట్టుంది. దాని పైన వట్టి గాజు. ఇంకోటి తీశాడు. మరోటి. ఆరూ బయటికొచ్చాయి. పొగ ఎవరూ గీకలేదు. అసలెవరూ వేయనే లేదు.

"ఏం వెతుకుతున్నావయ్యా?" అన్నాడు వెంకట్రావు.

ముత్యం ఆరో గ్లాసును మళ్లీ వెలుతురుకు పట్టాడు. ఇన్నేళ్లుగా దాచుకున్న జవాబులన్నీ హన్మవ్వ నాలుక చివరికొచ్చి ఉంటాయి. ఆమె ఒకసారి మొగుడి మొహం చూసింది.

"సీతమ్మా, ఆయనకు జర చాయ్ వెయ్యి. మస్తు వేడిగుండాలె."

ముత్యం ఒక గ్లాసును కిటికీలో పెట్టి, దాని ముందు కూర్చున్నాడు.

చాయ్ స్టీలు గ్లాసుల్లో వచ్చింది.