అక్కను తరమడానికి పెట్టిన దెయ్యాల సినిమా

డయాలసిస్ బెడ్డు మీద పడుకున్న మనిషితో గొడవ పెట్టుకోవడమంత సులువైన పని ఇంకొకటి లేదు. ఆ మనిషి లేచి వెళ్లడం కుదరదు. చేతిలో రెండు సూదులుంటాయి. ఒకదానిలోంచి రక్తం మిషన్‌లోకి పోతుంది, ఇంకోదానిలోంచి కడుక్కుని తిరిగొస్తుంది. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. ఈ సౌకర్యాన్ని మా అక్క బాగా కనిపెట్టింది. ఇంట్లో ఆమె మాట మొదలుపెడితే నేను కుట్టుమిషన్ ముందు కూర్చుని మోటార్ ఆన్ చేసేదాన్ని, ఆ చప్పుడులో ఏమీ వినపడేది కాదు. అందుకని కేసముద్రం నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి, హన్మకొండలో నాకు డయాలసిస్ చేసే దవాఖానలో నా మంచం పక్కన స్టూలు వేసుకుని, చెప్పిందే చెప్పేది. వారానికి మూడు రోజులు, మూడు నెలలు.

చెప్పేది ఒకటే. తన కిడ్నీ తీసుకోమని.

మా ఆయన ఇస్తానన్నాడు గానీ ఆయనకు షుగర్ ఉందని వద్దన్నారు. అక్క పరీక్షలన్నీ సరిపోయాయి. హైదరాబాద్ పెద్ద డాక్టర్లు ఆపరేషన్‌కు తేదీ కూడా ఇస్తామన్నారు. ఆమె సంతకాలు పెట్టడానికి సిద్ధం, నేనే సిద్ధంగా లేను. నేను చెప్తున్నది ఆఖరి గడువు రోజు సంగతి. సాయంత్రం ఐదులోపు ఔననో కాదనో ఫోన్ చేసి చెప్పాలి, లేకపోతే ఆ తేదీ వరుసలో తర్వాతున్న వాళ్లకు పోతుంది. ఐదయ్యేదాకా నోరు మూసుకుని పడుకుంటే చాలని నేను పొద్దున్నే నిర్ణయించుకున్నాను.

ఎందుకు వద్దన్నానంటే, సిగ్గు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. అక్కకు అప్పుడు పదహారు. నాకు తల దువ్వింది, బడికి పంపింది, నన్ను చూసుకోవాలని తన పెళ్లిని ఏడేళ్లు ఆపింది. ఆమె వయసంతా నేనే తినేశాను. ఇప్పుడు పత్తి చేలో ఎండకు మాడిన ఆ ఒంట్లోంచి ఇంకో ముక్క కూడా కోసుకుని తినాలా? ఆపరేషన్ బల్ల మీద ఆమెకేమైనా అయితే నేనెలా బతకాలి? ఇదంతా పైకి చెప్పలేదు. పైకి చెప్పింది "నాకవసరం లేదు, నన్ను సతాయించకు" అని మాత్రమే.

మా డయాలసిస్ గదిలో ఆరు మంచాలు, ఒకటే టీవీ. వార్తలు కావాలనేవాళ్లు, సీరియళ్లు కావాలనేవాళ్లు కొట్టుకునీ కొట్టుకునీ చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరికి ముందు సూదులు గుచ్చితే రిమోట్ వాళ్లది, వాళ్ల నాలుగు గంటలు అయ్యేదాకా ఎవరూ అడగకూడదు. రక్తం ముందు ఇచ్చినవాళ్లకి ఆ మాత్రం హక్కు ఉండాలి కదా. ఆ రోజు నాకే ముందు గుచ్చారు. సిస్టర్ రిమోట్ తెచ్చి నా కుడిచేతిలో పెట్టింది.

ఛానళ్లు తిప్పుతుంటే ఒకచోట నలుపు తెలుపు సినిమా వస్తోంది. తెర మూలన నారింజ రంగు గుమ్మడికాయ ఒకటి పళ్లికిలిస్తోంది. హాలోవీనట, రోజంతా పాత ఇంగ్లీషు రాక్షసుల సినిమాలు తెలుగులో వేస్తున్నారు. పక్క మంచం మీది, ములుగు నుంచి వచ్చే తాత కళ్లు చికిలించి చూశాడు.

"గుమ్మడికాయకు కండ్లు, ముక్కు చెక్కిండ్రేంది? కూర వండుకునేటోళ్లు లేరా ఆడ?"

"ఇయ్యాల వాళ్లకు దయ్యాల పండుగట, తాతా."

ఆ మాట అంటుంటేనే నాకు ఉపాయం తట్టింది. మా అక్కకు పామంటే భయం లేదు, తేలంటే భయం లేదు, పట్వారీ అంటే కూడా భయం లేదు. దెయ్యమంటే మాత్రం ప్రాణం పోతుంది. యాభై రెండేళ్ల మనిషి, చీకటి పడితే ఇప్పటికీ పెరట్లోకి ఒంటరిగా వెళ్లదు. ఈ సినిమా పెడితే పది నిమిషాల్లో వరండాలోకి పారిపోతుంది, నాకు సాయంత్రం దాకా విముక్తి. రిమోట్ దిండు కింద దాచేసి సౌండ్ పెంచాను. తప్పు చేస్తున్నానని తెలుసు. అయినా సంతోషంగానే ఉండింది.

తెర మీద ఒక పాడుబడ్డ కోటలో నల్ల దుప్పటి కప్పుకున్న జమీందారు లాంటివాడు, నిద్రపోతున్న ఆడపిల్ల మెడ దగ్గరికి వంగుతున్నాడు. "రా, సుందరీ, నీ రుధిరంతో నా దాహం తీర్చు" అని గొంతు బొంగురుగా పెట్టి ఎవరో డబ్బింగ్ చెప్తున్నారు.

"వాడు గంత కష్టపడి తాగవట్టె. మన మిషన్ జూడు, అడగకుండనే గుంజుతాంది" అన్నాడు తాత.

గది మొత్తం నవ్వింది. అక్క నవ్వలేదు. కొంగు తీసి మొహం మొత్తం కప్పుకుంది, గొణుక్కుంటూ ఆయతుల్ కుర్సీ, దెయ్యాలు దరికి రాకుండా చదివే ఖురాన్ వాక్యం, చదివింది, చదివి నా మీద ఊదింది. తర్వాత తాత మీద ఊదింది. ఎందుకైనా మంచిదని మిషన్ మీద కూడా ఊదింది. లేవలేదు. కొంగు లోపల్నుంచే మళ్లీ అందుకుంది.

"ఐదుకు ఫోన్ జెయ్యాలె చెల్లె."

"అక్కా, సినిమా చూడనీయవా?"

"చూడు. నేనేమన్న అడ్డమొచ్చిన్నా? చెవులు ఖాళీనే ఉన్నయి గద."

నాకు ఒళ్లు మండింది. లేచి విసురుగా బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకోవాలనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తెలియదు, అలిగి లేచిపోవడం ఎంత పెద్ద భాగ్యమో. రెండేళ్లుగా నాకు అది కూడా లేదు. దాహమైనా లెక్క ప్రకారం గుక్కెడు నీళ్లే, కోపమొచ్చినా ఉన్నచోటే ఉండాలి. పైనున్న కప్పులో ఎన్ని పలకలున్నాయో, ఏ పలక మీద తేమ మరక ఉందో నాకు చూడకుండా తెలుసు.

రెండో సినిమా మొదలైంది. ఇందులో ఎవరో డాక్టరు పదిమంది మనుషుల్లోంచి తలో ముక్కా తెచ్చి కుట్టి ఒక రాక్షసుణ్ణి తయారుచేశాడు. వాడు నేలమాళిగలో గొలుసులతో గోడకు కట్టేసి ఉన్నాడు. భయం సంగతి పక్కన పెడితే, నేను ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీని, ఆ కుట్లు చూసి నాకు చిరాకేసింది. నుదుటి మీద వేలెడంత ఎడంగా టాకాలు. నా దగ్గర నేర్చుకునే పిల్ల అలా కుడితే మొత్తం విప్పించి మళ్లీ కుట్టిస్తాను. ఆ మాటే పైకి అన్నాను. కొంగులోంచి అక్క గొంతు వచ్చింది.

"ఎవలను కుట్టిండ్రు?"

"ఒకల ముక్క తెచ్చి ఇంకొకలకు పెట్టిండ్రు. వాడు రాక్షసుడైండు. చూసినవా? నేను గూడ గట్లనే అయిత."

"నువ్వు ఇప్పటికే గట్ల ఉన్నవు. కొత్తగ అయ్యేదేముంది?"

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను. తిప్పుకోగలిగింది అంతే.

నాలుగో గంటలో పిక్కలు పట్టేశాయి. ఒంట్లోంచి నీళ్లు ఎక్కువ లాగితే అలా అవుతుంది, కుడికాలి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. నొప్పికి అరిచాను. కాలు ముడుచుకోవాలి, చెయ్యి కదలకూడదు, చెవుల్లో హోరు. సిస్టర్ పరుగెత్తుకొచ్చి మిషన్ వేగం తగ్గించి సెలైన్ ఎక్కించింది. తెర మీద సరిగ్గా అప్పుడే రాక్షసుడు గొలుసులు తెంపుకుంటూ గావుకేకలు పెడుతున్నాడు. అక్క కొంగు తీసేసింది. టీవీ మా కాళ్ల వైపు గోడకే ఉంది, నా పాదం పట్టుకోవాలంటే ఆ తెర కిందికే రావాలి. వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, గుడ్డివాళ్లలా తడుముకుంటూ నా కాలు దొరకబుచ్చుకుని, వేళ్లను వెనక్కి వంచి పిక్క నొక్కింది. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. మెడ మీద చెమటలు. గదిలో ఏసీకి మేమంతా దుప్పట్లు కప్పుకుని ఉన్నాం.

నొప్పి తగ్గాక నాకు నా మీదే అసహ్యం వేసింది. రిమోట్ తీసి టీవీ ఆపేశాను.

"గంత భయమైతె బయటికి పోరాదు అక్కా? నువ్వు పోవాల్ననే పెట్టిన."

"తెలుసు. నువ్వు రిమోట్ దాసినప్పుడే తెలుసు."

"మరెందుకు కూసున్నవు?"

ఆమె కళ్లు తెరిచి టీవీ నల్లగా ఉందో లేదో చూసుకుంది. నా కాలు వదల్లేదు.

"యాడికి పోవాలె? పొయ్యి ఏం జేయాలె? పత్తి ఏరుతున్నా గీడనే ఉంట. అన్నం తిన్నా గీడనే ఉంట. ఫోన్ మోగితె గుండె ఆగుతది. నీకు నాలుగు గంటలైతె సూదులు తీస్తరు. నాకెవరు తీస్తరే?"

అడుగుతూనే నా పిక్కను ఇంకోసారి నొక్కింది.

"నీ మీద దయతోని ఇస్తాన్న అనుకుంటానవు నువ్వు. నాకోసమే అడుగుతాన్న. నన్ను జర ఇడిచిపెట్టు చెల్లె."

ఇన్నాళ్లూ ఆ గదిలో ఇరుక్కున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె వచ్చి పోయే మనిషి, తలుపు తీసుకుని వెళ్లగలిగే మనిషి అని ఆమె మీద లోలోపల కుళ్లుకున్నాను కూడా. వద్దు వద్దంటూ నేను కాపాడుతున్నానని గొప్పగా అనుకున్న మనిషిని నేనే కదలకుండా కూర్చోబెట్టాను.

"ఆపరేషన్‌కు భయం కాదా నీకు?" అన్నాను చివరికి.

"అయితది. ఎందుకు కాదు? ఆ డాక్టర్ మత్తు సూది అనంగనే నాకు చెమటలు పట్టినయి. నిద్ర పడ్తలేదు. చెప్తే నువ్వు అస్సలు ఒప్పుకోవని చెప్పలే."

గోడ మీది గడియారం నాలుగున్నర దాటింది. సిస్టర్ వచ్చి ఇంకో పది నిమిషాలు అని చెప్పి వెళ్లింది.

"ఫోన్ చెయ్యి" అన్నాను.

అక్క వెంటనే అర్థం చేసుకోలేదు. తర్వాత గబగబా సంచిలోంచి ఫోన్ తీసింది. నంబర్ నొక్కబోతే తప్పుపోయింది, మళ్లీ నొక్కితే మళ్లీ తప్పుపోయింది. ఫోన్ నా కుడిచేతికిచ్చింది. నేనే నొక్కి, స్పీకర్ పెట్టి ఆమె మొహం ముందు పట్టుకున్నాను. అటువైపు ఒకమ్మాయి హలో అంది, చెప్పండి అంది. మూడు నెలలు నాలుగేసి గంటలు ఆగకుండా మాట్లాడిన మా అక్కకు నోట మాట రాలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని ఏడుస్తోంది. మెల్లగా ఏడవడం కాదు, చిన్నపిల్లలా భుజాలు ఎగరేసి ఏడుస్తోంది. నేను చూస్తుండగా ఆమె భయపడటం అదే మొదటిసారి కాదు గానీ, దాచుకోకుండా నా ముందు పెట్టడం అదే మొదటిసారి.

"హలో, ఎవరండీ? లైన్‌లో ఉన్నారా?" అంటోంది ఆ అమ్మాయి.

ఫోన్ నా వైపు తిప్పుకున్నాను.

"మా అక్క ఇస్తదట అమ్మా," అన్నాను. "నేను తీసుకుంట."