టర్బో చల్లారేదాకా

మా బావ టర్బో పెట్రోల్ కారు కొన్నాక మాకు సుఖం లేదు. మూడు సిలిండర్లే అయినా నూరు గుర్రాల బలమని ఊరంతా చెప్పాడు. ఎక్కడ ఆపినా ఇంజన్ ఆపడు, తలుపుల లాక్ తీయడు.

"జర ఆగుండ్రి, టర్బో సల్లబడాలె."

మిర్యాలగూడ దవాఖాన ముందు అక్క కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా అదే మాట. ఇంత చేసి, ఇంజన్ ఆయిల్ మాత్రం మార్పించడు!

"కొత్త బండికి ఆయిలెందుకు?"

చివరికి గరిడేపల్లి దగ్గర బండి పొగలు కక్కి ఆగిపోయింది. సూర్యాపేట మెకానిక్ తారులా మారిన ఆయిల్ చూపించి, "టర్బో ఖతమన్నా" అన్నాడు.

"ఆపినప్పుడల్లా ఆగిన గదరా!" అని బావ నెత్తి పట్టుకున్నాడు.

అక్క అతని వైపు చూడనైనా లేదు.

"దవాఖాన ముంగట నేను గూడ ఆగిన."