ముప్పై ఐదో బొంగరం

మా ఆవిడ బాలాత్రిపురసుందరికి ముప్పై ఐదు మంది పిల్లలు. అందరూ గౌడవెల్లి బడిలో ఒకటో తరగతివాళ్లే. ఎవరి పన్ను ఊడిందో, ఎవరు రబ్బరు మింగబోయారో రోజూ నాకు వినిపిస్తుంది. నేను పన్ను పీకించుకున్న సంగతి మాత్రం ఆవిడకి రెండో రోజు గానీ తెలియలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, నలభై ఏడేళ్ల నాకు ఆ ఆరేళ్ల పిల్లలంటే కుళ్లు.

పద్నాలుగేళ్ల కిందట నాకు అత్వెల్లి దగ్గర మందుల గోడౌన్‌లో ఉద్యోగమొస్తే తణుకు నుంచి మేడ్చల్ వచ్చాం. అప్పుడు ఆవిడ కాలనీలో ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొద్దుపోక బడిలో టీచరుగా చేరింది. మొదట్లో ఆ పిల్లల మాట అర్థంకాక ఇంటికొచ్చి దిగులుపడేది. ఇప్పుడు నన్నే "జల్దీ రండి" అంటోంది.

మొన్న దసరా సెలవుల్లో ఎన్నాళ్లకో ఇద్దరమే మైసూరు వెళ్లాం. అక్కడా వాళ్ల గొడవే. తాళంచెవి గొలుసులు వద్దంది, వాళ్లకి తాళాలెక్కడివి అని. గంధపు సబ్బులు వద్దంది, కొరికి చూస్తారని. చివరికి పది రూపాయల చెక్క బొంగరాలు నచ్చాయి. అన్నీ ఎరుపే కావాలి, రంగు మారితే క్లాసులో యుద్ధమట. ఒక్కొక్కటీ నేలమీద తిప్పి చూసి ఏరుతూ, "ఈలోపు మీరు ప్యాలెస్ చూసి రండి" అంది. పెళ్లాంతో ఊరెళ్లి ప్యాలెస్ ఒంటరిగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"నాకేం కొన్నావు?" అని అడిగాను.

"మీకెందుకండీ? మీరేమన్నా ఒకటో తరగతా?"

ఒళ్లు మండిపోయింది. తిరుగు రైల్లో ఆవిడ కునుకు తీస్తుంటే సంచిలోంచి ఒక బొంగరం తీసి జేబులో వేసుకున్నాను. రోజూ ఒకరిద్దరు బడి మానేస్తారు, ఎవరికీ తక్కువ కాదులే అనుకున్నాను.

బడి తెరిచిన రోజు ఒక్కరూ మానలేదు. మేడం ఏదో తెస్తుందని వర్ష అనే పిల్ల జ్వరంతో కూడా వచ్చింది. సరిగ్గా ఆ పిల్లకే తక్కువైంది.

సాయంత్రం మా ఆవిడ చేతిసంచి కూడా దించకుండా కూర్చుండిపోయింది. "మూడుసార్లు లెక్కపెట్టానండీ. ఆ పిల్ల ఏడవను కూడా లేదు. 'పర్వలేదు మేడం, నాకు జరం గదా, ఆడుకోరాదు' అంది" అంటూ తనే ఏడ్చేసింది.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇలా ఏడవలేదే అని అప్పుడు కూడా అనిపించింది. ఛీ అనుకుని, జేబులోంచి బొంగరం తీసి ఆవిడ ముందు పెట్టాను. దానివంక చూసింది, నావంక చూసింది. తిట్టినా బాగుండేది.

"రేపు మీరే వచ్చి ఇవ్వండి" అంది.

మర్నాడు గోడౌన్‌లో ఒక పూట సెలవు పెట్టి వెళ్లాను. "పిల్లలూ, ఈయన రాజారావు గారు" అందో లేదో, క్లాసంతా కేకలు.

"ఆరు ఇడ్లీలల్ల నాలుగు తిన్నది గీ సారేనా?" అన్నాడు ముందు బెంచీలో బాలేష్.

"రెండు గొడుగులు కొని ఒకటి బస్సుల మర్సిపోయింది గూడ గీ సారే!" అంది ఇంకో పిల్ల.

అప్పటికి అర్థమైంది. ఆవిడ చెప్పే లెక్కలన్నిటా నేనే. బోర్డు దగ్గర మా ఆవిడ తల వంచుకుని చాక్‌పీసు వెతుక్కుంటోంది.

వర్ష చేతిలో బొంగరం పెట్టాను. "గిది నీ దగ్గర ఎట్లున్నది సార్?" అని అడిగింది. నేను మా ఆవిడ వంక చూశాను.

మా ఆవిడ క్లాసు వైపు తిరిగింది. "చెప్పండి పిల్లలూ. మేడం ముప్పై ఐదు బొంగరాలు తెచ్చింది. రాజారావు గారు కుళ్లుకుని ఒకటి దాచుకున్నారు. ఎన్ని మిగిలాయి?"

"ముప్పై నాలుగు!"

వర్ష మాత్రం లెక్క చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని లాగి, "దాసుకునుడు ఎందుకు సార్? అడిగితే మేడం నీకు గూడ ఇస్తుండె గదా" అంది.