మా మిల్లు తొట్టిలో సూర్యుడి పండుగ

మిర్యాలగూడలో హాలియా రోడ్డు మీద మా నాన్నకు ఒక చిన్న రైస్ మిల్లు ఉంది. అందులో బస్తాలు మోసేది బిహార్ నుంచి వచ్చినవాళ్లు. మొదట్లో మగవాళ్లే వచ్చేవారు. తర్వాత భార్యాపిల్లలూ వచ్చి, మిల్లు వెనక రేకుల గదుల్లో కాపురాలు పెట్టారు. ఇప్పుడు సాయంత్రం ఆ దారిన వెళ్తే రొట్టెలు కాలే వాసన.

వాళ్ల మేస్త్రికి ముప్పై ఏళ్లుంటాయి. మిల్లులో ధాన్యం ఎండబోసే ముసలమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. ఆమెది నిడమనూరు దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడేది. వాళ్ల హిందీ కూడా ఆమెకు అర్థమయ్యేది. ఆమె అందరినీ ‘బిడ్డా’ అంటుంది కాబట్టి, తెలుగులో మనిషిని అలాగే పిలవాలని మేస్త్రి అనుకున్నాడు. అరవై దాటిన నాన్నను కూడా అలాగే పిలిచేవాడు. నాన్న కొన్నాళ్లు మొహం చిట్లించి, తర్వాత పలకడం అలవాటు చేసుకున్నాడు.

దీపావళికి నేను సూర్యాపేట నుంచి వచ్చి ఉన్నాను. పండుగ అయ్యాక మేస్త్రి ఆఫీసు గది ముందు నిలబడ్డాడు.

“బిడ్డా, మాది పండుగ ఉన్నది. ఆడోళ్లు నీళ్లల్ల నిలవడి సూర్యునికి మొక్కుతరు. కాలువల నీళ్లు లేవు. జర నీ తొట్టి ఇస్తవా?”

మరమ్మతుల కోసం అప్పుడు కాలువ ఆపేశారు. మా బాయిలర్ పక్కన చిన్న కుంటంత సిమెంటు తొట్టి ఉంది, నడుము లోతు నీళ్లతో.

“ఎంతమంది వస్తరు?” అన్నాడు నాన్న.

“మా ఇంటోళ్లే.”

నాన్న సరేనన్నాడు.

వాళ్ల పండుగనాటి సాయంత్రం గేటు ముందు ట్రాక్టర్లు ఆగసాగాయి. ధాన్యం వచ్చిందనుకుని నాన్న హడావిడిగా బయటికి వెళ్లాడు. ట్రాలీల నిండా చెరుకు గడలు, అరటి గెలలు, ఒళ్లో చేటలు పెట్టుకున్న ఆడవాళ్లు. ఊళ్లోని మిల్లులన్నిటి నుంచీ వచ్చారు. ‘ఇంటోళ్లు’ అంటే వాళ్ల జిల్లావాళ్లని మేస్త్రి ఉద్దేశం.

“సగం మందిని పొమ్మను,” అన్నాడు నాన్న ముసలమ్మతో.

ఆమె జనం వైపు తిరిగి హిందీలో ఏదో చెప్పింది. అందరూ నాన్నకు దండం పెట్టారు.

“ఏం చెప్పినవ్?”

“రేపు పొద్దుగాల సుత అందరు రమ్మన్నవని చెప్పిన. పొద్దు గుంకేటప్పుడు మొక్కి, పొడిసేటప్పుడు మొక్కకుంటె పూజ కాదంట సేటు.”

ఈలోగా అమ్మ పట్టుచీర కట్టుకుని, మా ఇంటి చేటలో పండ్లు సర్దుకుని వచ్చింది. “మన తొట్టిల మొక్కుతుంటె మనం సూసుకుంట కూసుంటమా?” అంటూ గట్టెక్కింది. ఇద్దరు బిహారీ ఆడవాళ్లు రెక్కలు పట్టి ఆమెను నీళ్లలోకి దించారు.

తెల్లవారుజామున అందరూ మళ్లీ నీళ్లలో నిలబడ్డారు. తూర్పున పక్క మిల్లు చిమ్నీ నుంచి నల్లటి పొగ. ఎంతసేపు చూసినా సూర్యుడు లేడు. చలికి అమ్మ పళ్లు కటకటలాడుతున్నాయి.

పక్క మిల్లాయన కోదాడ వైపువాడు. ప్రహరీగోడ తగాదాతో ఆయనకూ నాన్నకూ ఏళ్లుగా మాటల్లేవు. నాన్న అమ్మ వంక చూసి, ఆయనకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అవతలి గొంతు నాకూ వినబడింది.

“పొగ ఆపాలా? మా ఫైర్‌మన్ మీ తొట్టి కాడే ఉన్నాడండీ. బాయిలర్‌లో ఊక ఎవరు వేస్తున్నారనుకున్నారు? నేనేనండీ.”

నాన్నకు నవ్వు ఆగలేదు. అవతల ఆయన కూడా నవ్వాడు.

మెల్లగా పొగ పలచబడింది. రేకుల మీదుగా సూర్యుడు ఎర్రగా పైకొచ్చాడు. చేటలన్నీ ఒక్కసారి లేచాయి. వాటి మధ్య అమ్మది కూడా.

పక్క మిల్లాయన మొహమంతా మసితో వచ్చి నాన్న పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడు. ఇద్దరికీ వాళ్ల ప్రసాదం, బెల్లం వేసి నూనెలో కాల్చిన గోధుమపిండి బిళ్లలు, ఇచ్చారు. అవి రాయిలా ఉన్నాయి. ఇద్దరూ చాయ్‌లో నానబెట్టుకుని తిన్నారు.

మధ్యాహ్నం దాకా రెండు మిల్లులూ నడవలేదు. అమ్మకు జలుబు చేసింది. ముక్కు తుడుచుకుంటూనే తొట్టికి మెట్లు కట్టించమంది. నాన్న కట్టించాడు.