బొటనవేలు తియ్యి, బాబూ

ఎండకు కాగిన ప్లాస్టిక్ ట్యూబు వాసన మీకేం గుర్తుచేస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం యోహాను మేస్త్రీ గారు గుర్తొస్తారు, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. మొన్న గరాచర్మలో మేం కడుతున్న ఇంటి దగ్గర, గోడమీద ఎర్ర గీత చూపించే లెవెల్ మెషీను మొరాయించింది. పనివాళ్లు దాన్ని తట్టారు, ఊదారు, బతిమాలారు. చివరికి మూలనున్న పాత నీళ్ల ట్యూబును బయటికి లాగారు. ఆ వాసన ముక్కుకు తగలగానే ఇరవై ఏళ్లు వెనక్కి పోయి, పోయినచోటే మళ్లీ కోపం తెచ్చుకున్నాను.

తాపీపని ఎరగనివాళ్లకు ముందే చెప్పేస్తాను. పొడవాటి ట్యూబులో నీళ్లు నింపి ఒక కొస ఈ గోడ దగ్గర, రెండో కొస ఆ గోడ దగ్గర పట్టుకుంటారు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున ఆగుతాయి. అక్కడ గీత గీస్తే అదే మట్టం. నడిచేటప్పుడు నీళ్లు ఒలక్కుండా కొసను బొటనవేలితో మూసుకుంటాం. గీసేముందు మాత్రం వేలు తియ్యాలి. తియ్యకపోతే నీళ్లు ఉన్నచోటనే బిగుసుకుని అబద్ధం చెబుతాయి.

యోహాను మేస్త్రీ గారు పడుచు వయసులో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి ప్రోతరాపూర్‌లో స్థిరపడ్డారు. అక్కడి మా తెలుగు చర్చిలో ఆయన పెద్ద. నా దగ్గర పనిచేసేవారని చెప్పుకోవడం నా సరదా. నిజానికి పని ఆయనది, అరుపులు నావి. అప్పటికి నాకు ముప్పై దాటాయి. కొత్త కాంట్రాక్టర్ని. లోకంలో ప్రతి వస్తువూ నేను చూస్తుంటేనే సరిగ్గా నడుస్తుందని నా విశ్వాసం. మా ఆవిడ రూతు కూరలో ఉప్పు వేస్తున్నా పక్కన నిలబడి పర్యవేక్షించేవాణ్ణి.

స్లాబు పోసే రోజున ఆయన ప్రార్థన చెయ్యకుండా ఎవర్నీ తట్ట ఎత్తనిచ్చేవారు కాదు. రెండు ముక్కల ప్రార్థన అయితే నేనూ ఆమేన్ అనేవాణ్ణే. ఆయన ఇనపచువ్వల్ని దీవించమనేవారు, ఇసకను దీవించమనేవారు, మిక్సరు బెల్టును, వడ్రంగి మోకాలి నొప్పిని, రంగత్ నుంచి ఇంకా రాని లారీని, ఆ లారీ డ్రైవరు అత్తగారిని కూడా దేవుడి ముందు పెట్టేవారు. ప్రార్థన మొదలయ్యేటప్పుడు నాకు నల్లగా ఉన్న జుట్టు ఆమేన్ వినపడేసరికి నెరిసేది.

"మేస్త్రీ గారూ, కాంక్రీటు గట్టిపడిపోతోంది!" అని ఓరోజు మధ్యలోనే అరిచాను.

ఆయన ఒక కన్ను తెరిచారు. "గట్టిపడ్డానికే కదేటి బాబూ పోస్తన్నాం?" అని, ఆ కన్ను మూసుకుని, వదిలినచోటి నుంచి కాకుండా మొదటి నుంచి ఎత్తుకున్నారు.

మరోరోజు మనిషి తక్కువై ట్యూబు కొస నేనే పట్టుకున్నాను. నా అంతటివాడు పట్టుకుంటే నీళ్లు ఒలకడమేమిటని, గీత గీసేటప్పుడు కూడా వేలు తియ్యలేదు. సాయంత్రానికి గోడ ఒక పక్క రెండంగుళాలు పైకి లేచింది. మేస్త్రీ గారు పై వరసలు పీకించారు. "బొటనవేలు తియ్యి బాబూ. నువ్వు పట్టుకోకపోయినా నీళ్లు నిలబడతాయి" అన్నారు. నేను ట్యూబుదే తప్పని వాదించాను. ట్యూబు ఏమీ మాట్లాడలేదు గనక గెలిచాననుకున్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు రూతు హట్‌బేలో ఉన్న అక్క దగ్గరికి ఓడమీద వెళ్లింది. పండగ మర్నాడు ఆదివారం, తెల్లవారాక భూమి ఊగింది. ఆపైన సముద్రం ఏం చేసిందో మీకూ తెలుసు. హట్‌బేతో ఫోను తెగిపోయింది.

నేను స్కూటరెక్కాను. నాలుగు రోజులు దిగలేదంటే నమ్మండి. జెట్టీ, ఆసుపత్రి, సహాయ శిబిరాలు, ఆఫీసులు, మళ్లీ జెట్టీ. నా సొంత జాబితాలు మూడు తయారుచేసుకున్నాను. సర్కారు జాబితాలో అక్షరక్రమం బాగాలేదని గుమాస్తాకు పాఠం చెప్పాను. అతను నన్ను చూడగానే, "భయ్యా, నహీ హై! ఆయేగీ తో హమ్ ఖుద్ బతాయేంగే!" అని బల్ల కిందికి వంగేవాడు. వస్తే మేమే చెబుతామని అతను మొత్తుకున్నకొద్దీ, నేను వెళ్లకపోతే ఓడలు దారి తప్పుతాయేమోనన్నంత హడావిడిగా తిరిగాను.

మేస్త్రీ గారు మాత్రం చర్చి వెనక పొయ్యి దగ్గర కూర్చుని, ఇళ్లు పోయి వచ్చినవాళ్ల కోసం ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆయన సొంత తమ్ముడు కట్టుబడి పనికి కార్‌నికోబార్ దీవికి వెళ్లి ఉన్నాడు. అతని కబురూ లేదు. రోజుకొక్కసారి జెట్టీకి నడిచి వెళ్లి, అడిగి, తిరిగొచ్చి కత్తిపీట ముందు కూర్చునేవారు. ఆ నిదానం చూస్తే నాకు పిచ్చెక్కేది.

నాలుగోరోజు స్కూటర్లో పెట్రోలు అయిపోయి, చర్చి దాకా తోసుకొచ్చి కూలబడ్డాను. పైకే ప్రార్థన మొదలుపెట్టాను. ప్రభువా, రూతును రేపు వచ్చే ఓడలోనే ఎక్కించు, కింది డెక్‌లో కాదు, అక్కడ గాలాడదు, పొద్దున్నే దింపు...

"దేవుడికి డ్యూటీ చార్టు రాసిస్తన్నావేటి?" అన్నారు మేస్త్రీ గారు పక్కనుంచి.

భగ్గుమన్నాను. "నాకు బుద్ధి చెప్పడానికే ఇదంతా చేశాడంటారా మీ దేవుడు?"

ఆయన కత్తిపీట పక్కకు జరిపారు. "నీకొక్కడికి బుద్ధి చెప్పడానికి ఇన్ని ఊళ్లు ముంచుతాడేటి? నువ్వంత గొప్పోడివి కాదు బాబూ. ఎందుకయిందో నాకు తెల్దు. తెలిసినట్టు ఎవుడైనా చెబితే నమ్మకు. వెతికినంత వెతికావు. బస్, చాలు. ఇంక వేలు తియ్యి."

"తీస్తే? తీస్తే వస్తుందా?"

"అది నాకు తెల్దన్నాను కదా."

ఓదార్పు అంటే ఇలాగా ఉండేది! తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. ఎంతసేపో తెలియదు. ఆఖరికి నా నోట, "రూతు నీ చేతిలో ఉంది" అన్న ఒక్క ముక్క వచ్చింది. దానికి ఏ షరతూ తగిలించలేకపోయాను, ఓపిక లేక. మేస్త్రీ గారు ఆమేన్ అన్నారు. ఆయన జీవితంలో అంత పొట్టి ప్రార్థన విని ఉండరు. తరవాత ఒక గంప ఉల్లిపాయలు నా ముందుకు తోశారు.

మర్నాడు కాదు, ఆ మర్నాడు వచ్చింది రూతు, అక్కతో కలిసి. నేను జెట్టీలో లేను. ఆమే మా వాళ్లు ఉండే చోటు చర్చేనని నేరుగా నడిచి వచ్చింది. కొండమీద అడవిలో కొబ్బరినీళ్లతో రోజులు గడిపారట. నన్ను చూసి అన్న మొదటిమాట: "ఆ ముక్కలేంటి, అంత లావుగా తరుగుతున్నావు?" అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రీ గారే.

ఆయన తమ్ముడు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

తరవాత నిర్వాసితుల కోసం రేకుల షెడ్లు వేశాం. మొదటి షెడ్డు ముందు మేస్త్రీ గారు మామూలుగా కళ్లు మూసుకున్నారు. మేకుల్ని దీవించమన్నారు, రేకుల్ని దీవించమన్నారు. తమ్ముడి పేరు దగ్గరకొచ్చి ఆగిపోయారు. నేను వాచీ చూసుకోలేదు. ఆ రోజు పని అయ్యాక మాత్రం ఉండబట్టలేక అడిగేశాను. "నాకంటే ముందునుంచీ నమ్మింది మీరు. వేలు తీసింది మీరు. మీకేం దొరికింది మేస్త్రీ గారూ?" ఆ కోపం ఆయన తరఫున నాది.

ఆయన ట్యూబు చుట్టలు చుడుతూ అన్నారు: "నీళ్లు నాకు కావలసిన ఎత్తులో ఆగుతాయనా బాబూ వేలు తీస్తాం? నిజం మట్టం ఎక్కడుందో తెలుస్తాది, అక్కడ్నించి గోడ కట్టుకుంటాం. ఆడు దేవుడి దగ్గరున్నాడు. నేను ఇక్కడున్నాను. ఇద్దరం ఆయన చేతిలోనే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నమ్మినవాళ్లకు ఏడుపు రాదనుకునేవాణ్ణి.

మేస్త్రీ గారు పోయి చాలాకాలమైంది. నేను మారిపోయానని రాస్తే రూతు ఈ కాగితం చింపేస్తుంది. ఇప్పటికీ కూర దగ్గర నిలబడతాను. ఆమె అక్కను చూడ్డానికి ఓడెక్కితే పదకొండుసార్లు ఫోను చేస్తాను. పన్నెండోసారి చెయ్యబోయి, వేలి వంక చూసుకుని, ఫోను జేబులో పెట్టుకుంటాను. నా ఆధ్యాత్మిక ప్రగతి అంతా ఆ ఒక్క ఫోనే.

మొన్న గరాచర్మలో ట్యూబు రెండో కొస నేనే అడిగి పుచ్చుకున్నాను. నీళ్లు గోడ పైవరసకు సరిగ్గా ఆనుకుని నిలబడ్డాయి. భేష్ అనుకుంటూ కిందికి చూస్తే బొటనవేలు కొసమీదే ఉంది. పళ్లు నూరుకుని తీశాను. నీళ్లు ఒక్కసారి ఊగి, కిందికి దిగి, రెండంగుళాల దిగువన ఆగాయి.

అక్కడే గీత గీశాను. "పై వరస పీకండి" అన్నాను. పనివాళ్లు ట్యూబుదే తప్పన్నారు.