ఒకే నంబరు, నలభై ఒక్క పేర్లు

రెండేళ్ల కిందట, జూన్ మొదటి సోమవారం నాడు నెల్లూరులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి రెన్యూ చేస్తారు. వయసు ప్రకారం రిటైరవడానికి నాకింకా ముప్పై ఏళ్లుంది కానీ, ఆ ఉద్యోగం వరకు రిటైరైనట్టే. పనిచేసే చోట లైంగిక వేధింపులకు గురైన మహిళలు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ పోర్టల్ ఒకటి ఉంది. జిల్లా స్థాయిలో దాన్ని చూసుకోవడం నా పని. ఆ పని ఎలా జరుగుతుందని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం ఒక్క ఫిర్యాదు సంగతి రాస్తున్నాను. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతుంది కాబట్టి పేర్లన్నీ మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ ఒక అంతర్గత కమిటీ ఉండాలి. ఆ సంస్థలోనే పెద్ద హోదాలో ఉన్న మహిళ దానికి అధ్యక్షురాలు. సభ్యుల్లో సగమైనా మహిళలుండాలి, బయటి నుంచి ఒకరుండాలి. అంతర్గత కమిటీ లేని చోట్లకు, యజమాని మీదే ఫిర్యాదు వచ్చిన కేసులకు జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. పోర్టల్లో ఫిర్యాదు నమోదవగానే అది సంబంధిత కమిటీ అధ్యక్షురాలికి వెళ్తుంది. ఫిర్యాదుదారుకు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. కమిటీ తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. ముగిసేదాకా మా స్క్రీన్ మీద ఆ వరుస ఎర్రగా ఉంటుంది. ముగిస్తే పచ్చబడుతుంది. మా సూపరింటెండెంటు రంగనాథం గారికి ఎరుపు పడదు. నెలాఖరు సమీక్షలో ఆయన చూపించేది ఆ పేజీయే.

ఫారం నింపడానికి నాకు మొదట్లో నలభై నిమిషాలు పట్టేది. సంస్థ పేరు, చిరునామా, ఉద్యోగి ఐడీ, హోదా, ఫోన్ నంబరు, ఇలా ఇరవై ఆరు గడులు. అందుకని సంస్థల నుంచి ఉద్యోగుల జాబితాలు తెప్పించి ఒక ఎక్సెల్ షీట్ తయారు చేశాను. ఐడీ కొడితే ఇరవై గడులు వాటంతటవే నిండుతాయి. నలభై నిమిషాల పని పదకొండు నిమిషాలకు వచ్చింది. దాని గురించి గొప్పగా అనుకునేవాణ్ణి.

ఎస్తేరమ్మ ఒక గురువారం మధ్యాహ్నం వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. తోటపల్లి గూడూరు దాటాక ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో గ్రేడింగ్ టేబుల్ దగ్గర పని. చెరువుల నుంచి లారీలో వచ్చిన సరుకును తల తీసి, కడిగి, సైజు ప్రకారం వేరుచేసి, ఫ్రీజర్‌కు పంపుతారు. గ్రేడింగ్‌కు కన్ను కావాలి. చూడగానే కిలోకు ఎన్ని తూగుతాయో చెప్పగలగాలి. పదేళ్లు చేస్తే గానీ ఆ టేబుల్ దగ్గర నిలబడనివ్వరు.

ఆమె చెప్పినదాన్ని నేను రాసుకున్న వరుసలోనే ఇస్తున్నాను. హాల్లోకి వెళ్లే ముందు ప్రతి షిఫ్టుకూ చేతుల తనిఖీ ఉంటుంది. గోళ్లు, గాజులు, ఉంగరాలు చూడాలి. ఇది శుభ్రత నిబంధన, ఉండాల్సిందే. ఆడవాళ్లను చూడటానికి ఆడమనిషిని పెట్టాలని ప్లాంటు సొంత రిజిస్టర్లోనే ఉంది. ఆ మనిషి మానేశాక ఫ్లోర్ సూపర్‌వైజర్ ప్రతాప్ తానే చూడటం మొదలుపెట్టాడు. చేతులతో మొదలై ఆప్రాన్ ముడి దాకా, ఆ తర్వాత ముడితో సంబంధం లేని చోట్ల దాకా వెళ్లింది. ఒకరోజు అందరి ముందు ఎస్తేరమ్మ అతని చేయి తోసేసి, "చేతులు చూసేదానికి కళ్లు చాలు సార్" అంది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆ మర్నాటి నుంచి ఆమెను గ్రేడింగ్ నుంచి తీసి ఐసు నీళ్ల తొట్ల దగ్గర వేశాడు. ఆ తర్వాత ఆమె జోలికి రాలేదు కానీ, మిగతావాళ్ల తనిఖీ మాత్రం ఆపలేదు.

"టేబుల్ పోతే పోయింది సార్. కొత్తగా చేరిన పిల్లలుండారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. వోళ్లకి నోరు లేదు. నేను ఊరుకుంటే ఇదే పద్ధతని అనుకుంటారు" అంది ఎస్తేరమ్మ.

ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం రాస్తే మరో మూడు నెలలు పొడిగించవచ్చు కానీ, ఆ కారణాన్ని ఒప్పుకోవాల్సింది కమిటీ. ఆమె చెప్పిన చివరి తేదీ నుంచి లెక్కిస్తే పదమూడు రోజులు మిగిలాయి. ఐడీ కొట్టాను. ఇరవై గడులు నిండాయి. ఫోన్ నంబరు కంపెనీ రికార్డుల్లో ఉన్నదేనా అని అడిగాను.

"అదే ఉంటాది సార్. చేరినప్పుడు వోళ్లే రాసుకున్నారు" అంది.

ఆఫీసు లాగిన్‌తో నమోదు చేస్తే ఓటీపీ అడగదు. సబ్మిట్ నొక్కాను. ఫిర్యాదు నంబరును కాగితం మీద రాసిచ్చి పంపాను. పన్నెండు నిమిషాలు పట్టింది.

సోమవారం ఉదయం నేను సిస్టమ్ తెరిచేసరికి ఆ వరుస పచ్చగా ఉంది. స్థితి: 'ఫిర్యాదుదారు ఉపసంహరించుకున్నారు'. శుక్రవారం ఉదయం తొమ్మిదింబావుకు ఓటీపీతో ధ్రువీకరణ అయింది. ఇలాంటివి నేను అంతకు ముందూ చూశాను. ఇంట్లో నచ్చజెప్పి ఉంటారు, భయపడి ఉంటుంది అనుకుని దాటిపోయాను. నిజం చెప్పాలంటే కొంచెం విసుక్కున్నాను కూడా.

పదకొండు గంటలకు ఎస్తేరమ్మ వచ్చింది. శుక్రవారం గేటు దగ్గర టోకెన్ ఇవ్వలేదట. ఫోన్లు హాల్లోకి తీసుకెళ్లకూడదు కాబట్టి గేటులో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. టోకెన్ ఉంటేనే హాజరు. వాచ్‌మన్, "నువ్వు పెద్ద పెద్ద ఆఫీసులకు పోతుండావంట గదా, ఆడే పని చేసుకోమన్నాడు సారు" అన్నాడట. ఇంకా ఎవరికీ చెప్పని సంగతి గేటు దాకా ఎలా చేరిందని ఆమె నన్నడిగింది. ఫిర్యాదు ఎందుకు వెనక్కి తీసుకున్నావని నేను ఆమెను అడిగాను. తాను తీసుకోనేలేదంది.

అప్పుడు, నాలుగు రోజుల ముందే చేయాల్సిన పని చేశాను. ఫారంలో ఉన్న ఆమె నంబరుకు ఆఫీసు ఫోన్ నుంచి, స్పీకర్ పెట్టి డయల్ చేశాను. ఆమె ఫోన్ ఆమె ఒళ్లోని సంచిలోనే ఉంది. అది మోగలేదు. అవతల మోగింది. నాలుగో రింగుకు ఎవరో ఎత్తారు.

"హలో, ప్రతాప్. ఎవరూ?"

ఎస్తేరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను ఫోన్ పెట్టేశాను.

షీట్ తెరిచి ఫోన్ నంబర్ల కాలమ్‌ను వరుసలో పెట్టాను. ఒకే పది అంకెలు నలభైసార్లు వచ్చాయి. ఇందులో కుట్ర లేదు, కనీసం మొదట్లో లేదు. సరుకు లోడు ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. వచ్చినప్పుడు ఆఫీసు ఒక్క నంబరుకు కబురు చేస్తుంది, ఆ సూపర్‌వైజర్ తన బ్యాచ్‌ను పిలుచుకుంటాడు. కాబట్టి చేరేటప్పుడే బ్యాచ్ మొత్తానికి అతని నంబరే రాసేవాళ్లు. ప్లాంటులో అందరికీ తెలిసిన పద్ధతి. ఎవరికీ తప్పుగా అనిపించలేదు. ఆమెకు నేను పంపిన ఎస్సెమ్మెస్, ఫిర్యాదు నంబరుతో సహా, ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేసిందో అతని జేబులో మోగింది. ఉపసంహరణకు ఓటీపీ అడిగితే అదీ అతని ఫోన్‌కే వచ్చింది. అతను ఏమీ దొంగిలించనవసరం లేకపోయింది. అన్నీ నేనే చేతికిచ్చాను.

నలభై ఒకటో పేరు వేరే షీట్లో దొరికింది. అంతర్గత కమిటీ అధ్యక్షురాలిగా నమోదైన భారతి గారి నంబరు గడిలోనూ అవే పది అంకెలు. ఆమె ల్యాబ్‌లో క్వాలిటీ ఇన్‌చార్జి. ల్యాబ్ లాండ్‌లైనుకు చేసి కమిటీ గురించి అడిగాను. "ఏ కమిటీ అండీ? ఆధార్ జిరాక్సు అడిగితే ఇచ్చినాను, అంతే" అంది.

ఎస్తేరమ్మకు మొత్తం విడమరిచి చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె అరవలేదు. "రొయ్యి ముట్టుకునే ముందు గ్లౌజులు రెండుసార్లు తిప్పి చూస్తాము సార్, యాడన్నా చిల్లుండాదేమోనని. మీరు నంబరు ఒక్కసారన్నా చూడలేదే" అంది.

షీట్ ప్రింటు తీసుకుని సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్లాను. ఫిర్యాదును తిరిగి తెరవాలని, ఉపసంహరణ మోసమని చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ చూశారు, ప్రింటు చూడలేదు.

"ఓటీపీతో క్లోజ్ అయినాది గదా?"

అది ఆమె ఓటీపీ కాదన్నాను.

"అట్టని సిస్టమ్ చెప్తుందా? నువ్వు చెప్తుండావు. నువ్వు చదివింది కంప్యూటరా, లాయరా అబ్బయ్యా? జిల్లాలో పెండింగ్ సున్నా అని మొన్ననే పంపినాము. ఇప్పుడు నేను పోయి, సున్నా కాదు సార్, ఒకటి అనాల్నా?"

ఆ 'ఒకటి' బయట బెంచీ మీద కూర్చుని ఉందని చెప్పాను. ఆమెను మళ్లీ కంపెనీ కమిటీ దగ్గరకే పంపమన్నారు. కమిటీ అధ్యక్షురాలికి తాను అధ్యక్షురాలినని తెలియదన్నాను. "కాగితం మీద ఉండాది గదా" అని ఫైలు మూశారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో చెడ్డతనం ఏమీ లేదు. తన పని తాను చేసిన మనిషి ముఖం అది. నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది దానికే. ఒక మనిషికి అన్యాయం జరగడానికి చెడ్డవాడు ఒక్కడు చాలు. అది రికార్డుల్లో పచ్చగా కనిపించడానికి మాత్రం మాలాంటి నిదానస్తులు ఒక ఆఫీసు నిండా కావాలి.

తొమ్మిది రోజులు మిగిలాయి. ఆ సాయంత్రం చట్టం మొదటి నుంచి చదివాను. ఏడాదిగా దాన్ని అమలు చేస్తున్నవాణ్ణి, పూర్తిగా చదవడం అదే మొదటిసారి. ఫిర్యాదు పోర్టల్లోనే చేయాలని అందులో ఎక్కడా లేదు. రాతపూర్వకంగా ఉంటే చాలు. రాయలేని మహిళకు రాయడంలో సాయం చేయాలని కూడా ఉంది. ఆరు ప్రతులు, దగ్గరున్న ఆధారాలు, సాక్షుల పేర్లు ఇవ్వాలి. అంటే ఒక తెల్లకాగితం చాలు.

స్థానిక కమిటీ అధ్యక్షురాలు సుగుణమ్మ గారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. బుధవారం ఎస్తేరమ్మతో ఆవిడ దగ్గరకు వెళ్లాను. ఎస్తేరమ్మ తనతో మరో ఇద్దరిని తీసుకొచ్చింది. ఒకరు ఆ రోజు వెనక వరుసలో నవ్విన అమ్మాయి. "నేను భయంతో నవ్వినానక్కా" అని బస్సులో ఆమెకు చెప్పుకుందట.

సుగుణమ్మ గారు నలభై ఒక్క వరుసలనూ వేలు పెట్టి చదివారు. "కమిటీ ఉందని కాగితం చెబుతోంది. ఆ సంగతి కమిటీకే తెలియదు. అది లేనట్టే. లేనప్పుడు ఈ ఫిర్యాదు నాది" అన్నారు. నా వైపు తిరిగి, "ఇదంతా కనిపెట్టింది నువ్వేనా?" అని అడిగారు. అవునన్నాను. "మొదట ఆ నంబరు కొట్టింది?" అన్నారు. అదీ నేనేనన్నాను. "సరే, ఆ రెండూ రాసి సంతకం పెట్టు" అన్నారు. రాశాను. ఉపసంహరణ ఎలా జరిగిందో చెప్పడానికి తర్వాత విచారణలో పనికొచ్చిన పత్రం అదే.

ఫిర్యాదును ఎస్తేరమ్మ చెబుతుంటే, ఆమె మాటల్లోనే, నేను తెలుగులో రాశాను. మూడు పేజీలు వచ్చింది. ఆమె ఏసు ప్రభువు పేరు తలుచుకుని ఆరు ప్రతుల మీదా సంతకం పెట్టింది. అందినట్టు ముద్ర వేయించుకునేసరికి గడువుకు ఏడు రోజులుంది.

విచారణ తొంభై రోజుల లోపే ముగిసింది. పదకొండుమంది మహిళలు సాక్ష్యం చెప్పారు. ప్రతాప్ ఓటీపీ తానే కొట్టానని ఒప్పుకుని, ఆమే కొట్టమందని వాదించాడు. ఎప్పుడు అడిగిందని కమిటీ అడిగింది. శుక్రవారం ఉదయం తొమ్మిదింబావుకు, ప్లాంటు లోపల అన్నాడు. ఆ ఉదయం ఆమెను లోపలికి రానివ్వలేదని గేటు రిజిస్టరే చెప్పింది. కమిటీ సిఫారసు మీద కంపెనీ అతన్ని తొలగించింది. ఎస్తేరమ్మను గ్రేడింగ్ టేబుల్‌కు తిరిగి తీసుకుంది. చేతుల తనిఖీకి ఆడమనిషిని పెట్టింది. భారతి గారు ఈసారి తెలిసి కమిటీలో కూర్చున్నారు.

పోర్టల్లో మొదటి ఫిర్యాదు ఈనాటికీ పచ్చగానే ఉంది. 'ఫిర్యాదుదారు ఉపసంహరించుకున్నారు'. దాన్ని దిద్దే బటన్ లేదు. దిద్దమని నేను రాసిన నాలుగు ఉత్తరాలకు జవాబు రాలేదు. పై అధికారి అనుమతి లేకుండా ఉద్యోగుల జాబితా బయటికి ఇచ్చానని నాకు మెమో వచ్చింది. వివరణ రాసిచ్చాను. మార్చిలో రెన్యూవల్ కాగితం వచ్చింది, కింద ఒక హామీతో: 'ఇకపై ఫిర్యాదులన్నీ పోర్టల్ ద్వారా మాత్రమే స్వీకరిస్తాను'. ఆ వాక్యం చట్టానికి విరుద్ధమని మార్జిన్లో రాసి, సంతకం పెట్టకుండా వెనక్కి ఇచ్చాను.

ఇప్పుడు వేరే చోట సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఈ కేసులో నేర్చుకున్నది ఒక్కటే, చాలా చిన్న పని. ఆ బుధవారం సుగుణమ్మ గారి ముందే చేశాను. ఎస్తేరమ్మ కొత్త సిమ్ కొనుక్కుంది. ఆమె చెప్పిన పది అంకెలను కాగితం మీద రాయబోయి ఆగి, ముందు డయల్ చేశాను. ఆమె సంచిలో ఫోన్ మోగింది. ఆమె బయటికి తీసి, నాకు చూపించి, ఎత్తి, "నేనే సార్, రాసుకోండి" అంది. ఆ తర్వాతే రాశాను.